ఇల్లూ వాకిలీ: థాంకా బొమ్మ, టెక్సాస్ ఇల్లు, గోదారి తేమ

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే దారిన వచ్చాయి, అన్నీ టిబెట్ బొమ్మల గురించే. పోయిన సంచికలో గుమ్మం ఎదురుగా బుద్ధుడి ఫోటో పెట్టుకోవచ్చా అని ఒకరడిగితే ఏదో రెండు లైన్లు రాసి ఊరుకున్నా, అది తేనెతుట్టె కదిపినట్టయింది. సరే కానివ్వండి, బోరు మోటార్లు, సెప్టిక్ ట్యాంకుల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా.

ప్రశ్న: అమలాపురం దగ్గర పల్లెటూరు మాది, రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి డాలస్ దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాడు. కాంటెంపరరీ మోడల్ అంట, ఫ్లాట్ రూఫు, మూడు పక్కలా అద్దాలు, హాలు రెండంతస్తుల ఎత్తు. కోడలు ధర్మశాల వెళ్ళినప్పుడు థాంకా, అంటే గుడ్డ మీద వేసిన టిబెటన్ పూజా పటం ఒకటి కొనుక్కొచ్చింది, అందులో ఉన్నది ఆకుపచ్చ తార అనే బౌద్ధ దేవత. దాన్ని ఫోటో తీసి మెట్ల పక్క గోడ మొత్తానికీ వాల్‌పేపర్ ప్రింట్ చేయిస్తారంట, గుమ్మంలో మండల డిజైన్ టైల్స్ వేయిస్తారంట. నాకు మనసొప్పట్లేదు, అలాగని ఎందుకొద్దో చెప్పడమూ రావట్లేదు. అసలు టిబెట్ పూజా బొమ్మలకీ అమెరికా కొత్త మోడల్ ఇళ్ళకీ పొత్తు కుదురుతుందాండీ?

జవాబు: మాస్టారూ, కుదురుతుంది. మీ మనసొప్పకపోవడం కూడా కరెక్టే. రెండూ ఎలా కరెక్టో చెప్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు కుదిరిన సంగతి, అదీ మీ అబ్బాయి ఉన్న టెక్సాస్‌లోనే. ఎల్ పాసో అని మెక్సికో సరిహద్దు ఊరొకటుంది, డాలస్‌కి దగ్గరేం కాదు, మన రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి రెండింతల పైనే దూరం. అక్కడి యూనివర్సిటీ మొదట్లో మైనింగ్ స్కూలు. 1914లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో జాన్ క్లాడ్ వైట్ అనే బ్రిటిష్ ఆఫీసరు భూటాన్ ఫోటోలు వచ్చాయి, స్కూలు డీన్ గారి భార్య క్యాథ్లీన్ వొరెల్ అవి చూసి మనసు పారేసుకుంది. 1916లో అగ్ని ప్రమాదంలో స్కూలు బిల్డింగు కాలిపోతే కొత్త చోట కట్టాల్సొచ్చింది, మనదీ కొండల పక్క ఊరే కదా ఇలా కడితే ఎలా ఉంటుందని ఆవిడ అంది, 1917కల్లా కట్టేశారు. ఇప్పటికీ ఆ క్యాంపస్‌ది అదే తీరు, కింద లావుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వంగే గోడలు, లోతుగా దిగిన కిటికీలు, బాగా ముందుకొచ్చిన చూరు, చూరు కింద ఇటుక పట్టీ, అందులో రంగు టైల్స్‌తో గుండ్రటి బొమ్మలు. భూటాన్ వేరు టిబెట్ వేరు అనుకోండి, కాకపోతే కట్టుబడిలో దాయాదులు. అప్పుడు వాళ్ళు తీసుకున్నది గోడ వాలు, చూరు, కిటికీ. దేవుడి దగ్గరికొచ్చేసరికి వేరేగా ఒక గుడే వచ్చింది: 2008లో వాషింగ్టన్‌లో జరిగిన ఉత్సవం కోసం భూటాన్ పనివాళ్ళు కట్టిన చిన్న గుడిని ఆ యూనివర్సిటీకి ఇచ్చేశారు, క్యాంపస్ నడిబొడ్డున నిలబెట్టి 2015లో తెరిచారు.

ఇంకోటి న్యూజెర్సీలో. మన గోదావరి జిల్లాలోళ్ళు సగం మంది కాపురం ఉండే ఎడిసన్‌కి దగ్గరే నెవార్క్ మ్యూజియం. లోపల ఒక గదిలో టిబెటన్ పూజా మందిరం ఉంది, ఫుంత్సోక్ దోర్జే అనే టిబెటన్ చిత్రకారుడు 1988 నుంచి 1990 దాకా కూర్చుని వేశాడు, 1990లో దలైలామా వచ్చి ప్రతిష్ఠ చేశారు. బయట నుంచి చూస్తే మామూలు మ్యూజియమే, ఏ గోపురమూ ఉండదు, ఆ గది గడప దాటాక మాత్రం రంగు, స్తంభం, అరుగు అన్నీ శాస్త్రం ప్రకారమే. మూడోది కొలరాడో కొండల్లో 108 అడుగుల స్థూపం, 1988లో మొదలెట్టి 2001కి పూర్తి చేశారు. కొలతలు టిబెటన్ గ్రంథాలవి, మెటీరియల్ మాత్రం కాంక్రీటు, వెయ్యేళ్ళు నిలవాలని ప్రత్యేకంగా కలిపించిన కాంక్రీటు. (మన దగ్గర ఉప్పు ఇసక పుణ్యమా అని స్లాబులు ఇరవై ఏళ్ళకే పెచ్చులూడుతున్నాయి, ఆ గోల ఇప్పుడెందుకు లెండి.)

చూశారా, ఒకచోట గోడ తీరు తీసుకున్నారు, ఒకచోట గది ఇచ్చారు, ఒకచోట కొలత ఉంచి వస్తువు మార్చారు. దేవత బొమ్మని పీకి గోడకి సున్నంలా కొట్టినోడు ఈ ముగ్గుర్లో ఎవడూ లేడు. మీ అబ్బాయి వాళ్ళు పట్టుకున్న కొస అదీ, అందుకే మీకు కిట్టట్లేదు.

థాంకా ఎలా వేస్తారో చూస్తే కోడలికి కూడా అర్థమైపోతుంది. కర్ణాటకలో టిబెటన్లు ఉండే బైలకుప్పెలో ఒక పెద్దాయన వేస్తుంటే పక్కన రెండు గంటలు కూర్చున్నా నేను. నూలు గుడ్డని చెక్క ఫ్రేముకి నాలుగు పక్కలా దారంతో లాగి కడతారు, అచ్చం మనం నులక మంచం బిగించినట్టే. దాని మీద సుద్ద, తోలు జిగురు కలిపి పూసి, ఎండాక నున్నటి రాయితో రుద్దుతారు, రుద్ది రుద్ది గుడ్డ కాస్తా కోడిగుడ్డు పెంకులా అవుతుంది. అప్పుడు గీతలు. నిలువు, అడ్డం, ఏటవాలు గీతలన్నీ గీసి ఆ గళ్ళల్లోనే దేవత శరీరం కూర్చోవాలి, మొహం ఇంత, మెడ ఇంత, మోకాలు ఇక్కడికి, సొంత తెలివి పనికిరాదు. మన స్థపతులు విగ్రహాలకి తాళమానం కొలతలు పట్టినట్టే. రంగులు రాళ్ళు నూరినవి, నీలం, ఆకుపచ్చ రాగి ఖనిజాల్లోంచి, ఎరుపు ఇంగిలీకం, పసుపు హరిదళం, ఆ పైన బంగారం. ఆ పెద్దాయన కుంచె మొనని పెదాల మధ్య పెట్టి సన్నం చేసుకుంటూ మేఘం అంచుకి నీడ వేస్తున్నాడు, రెండు గంటల్లో అరచేయంత మేఘం కూడా అవలేదు. కళ్ళు అన్నిటికంటే ఆఖర్న తెరుస్తారు, మన విగ్రహాలకి చేసినట్టే. వెనక్కి తిప్పితే దేవత నుదురు, కంఠం, గుండె ఉన్న చోట గుడ్డ మీద ఓం ఆః హూం అని మూడు అక్షరాలు రాసుంటాయి. కోడల్ని బొమ్మ తిప్పి చూడమనండి, రాసుంటే అది డెకరేషన్ కోసం వేసింది కాదు.

ఇప్పుడు మెట్ల గోడ సంగతి. ఆకుపచ్చ తార కుడికాలు కిందకి చాపి ఉంటుంది, పాదం చిన్న తామరపువ్వు మీద, పిలిస్తే లేచి రావడానికి రెడీగా ఉన్నట్టు. ఆ బొమ్మని ఇరవై అడుగులకి సాగదీసి మెట్ల పక్కన అతికిస్తే మెట్లన్నీ ఎక్కేసరికి మన చెప్పులు ఆవిడ మొహం ఎత్తుకి వస్తాయి, గుండెల మీద స్విచ్ బోర్డు ఉంటుంది. టిబెటన్ ఇళ్ళల్లో పూజా పటం, గ్రంథం ఎప్పుడూ మనిషి కంటే ఎత్తున ఉంటాయి, కాళ్ళు అటు చాపరు. సోఫా వెనక, టీవీ పైన, బెడ్రూమ్ బాత్రూమ్ గోడ మీద, ఇవన్నీ కూడా వద్దు.

గుమ్మంలో మండల టైల్స్ అయితే ఖచ్చితంగా వద్దని చెప్పండి, నా పేరు చెప్పినా ఫర్లేదు. మండల అంటే డిజైన్ కాదు మాస్టారూ, అది ప్లాను! మా భాషలో చెప్పాలంటే ఫ్లోర్ ప్లాన్. నాలుగు పక్కలా నాలుగు ద్వారాలు, ప్రాకారాలు, మధ్యలో గర్భగుడి, మొత్తం ఒక దేవతా భవనాన్ని పైనుంచి చూసి గీసినట్టు. కాలచక్ర మండలలో అయితే 722 మంది దేవతలు కాపురం ఉంటారు. దాన్ని గుమ్మంలో పరిచి అమెజాన్ డెలివరీ కుర్రాడు బూట్లతో నిలబడితే... సంక్రాంతి ముగ్గు మీద అడుగేస్తేనే మా మామ్మ చీపురు విసిరేది.

మరేం చెయ్యాలి? మీ ఊళ్ళో పాత మండువా లోగిలి ఉంటే ఒక ఫోటో తీసి కొడుక్కి పంపండి. వీధి, అరుగు, గుమ్మం, వసారా, మండువా, అప్పుడు దేవుడి గది, ఒక్కో అడుగుకీ బయట తగ్గి లోపల పెరుగుతుంది. ఈ కాంటెంపరరీ ఇళ్ళల్లో వచ్చిన తంటా ఏంటంటే తలుపు తీస్తే వంటగది సింకు దాకా కనిపించేస్తుంది. ఆర్కిటెక్ట్‌ని గూడు లాంటి చోటొకటి అడగమనండి, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు చాలు, హాల్లోంచి నేరుగా కనపడకుండా ఒక మలుపు తిరిగితే వచ్చేలా. మూడు పక్కలా అద్దమంటున్నారు కదా, ఆ నాలుగో గోడ పక్కన. గోడకి ఏ రంగులూ ఏ రాళ్ళూ వద్దు, తెల్లగా వదిలెయ్యడమే. థాంకాలోనే గజం మేర ఊపిరాడనన్ని రంగులుంటాయి, చుట్టూ ఖాళీ ఉంటేనే కన్ను నిలుస్తుంది, నన్నడిగితే ఈ బోసిగోడల వెస్టర్న్ స్టైలు ఒక్కటే దానికి సరిగ్గా సరిపోయే పెట్టె. ఎండ నేరుగా పడకూడదు, పట్టు అంచు వెలిసిపోతుంది. కింద కూర్చుంటే తలెత్తి చూసేంత ఎత్తు. పైన పల్చటి పట్టు తెర ఉంటే తీసెయ్యొద్దు, అది ముసుగు, పూజ లేనప్పుడు దించుకోడానికి. ఏ దిక్కున పెట్టాలని మాత్రం నన్నడక్కండి, వాస్తు పేజీ పక్కది.

ప్రశ్న: మండపేటలో జీ ప్లస్ టూ కడుతున్నాం సార్, పిల్లర్లు లేచాయి. ఎలివేషన్ టిబెట్‌లో ఉండే పొటాలా ప్యాలెస్ లాగా వాలు గోడలు, కిటికీల చుట్టూ నల్ల బోర్డరు, పైన మెరూన్ పట్టీ పెడదామని మా బావమరిది ఐడియా. కాంట్రాక్టర్ రెడీ అన్నాడు, మీరేమంటారు?

జవాబు: కాంట్రాక్టర్ దేనికైనా రెడీయే బాబూ, అడుగుల లెక్కన డబ్బులు కదా. టిబెట్‌లో వాన తక్కువ, అందుకే మట్టి డాబా, చూరు లేని గోడ. మన వానకి వాలు గోడ మీద నీళ్ళు జారవు, పాకుతాయి, రెండో ఏడాదికి పచ్చగా పాచి పట్టి మీ పొటాలా చెరువు గట్టు అయిపోతుంది. మెరూన్ పట్టీ కూడా అక్కడ రంగు కాదు, సన్నటి పుల్లలు కట్టలు కట్టి చివర్లు బయటికొచ్చేలా పేర్చి ఎర్రమట్టి రంగు పూస్తారు, గోడ పైభాగం బరువు తగ్గుతుంది, అదీ గుళ్ళకీ గొప్పోళ్ళ భవనాలకే ఉండే గౌరవం. మీరు సిమెంటు మీద ఏషియన్ పెయింట్ కొడితే అది ఉత్త గీత. అంతగా కావాలంటే కిటికీల్ని గోడలో తొమ్మిదంగుళాలు లోపలికి నెట్టండి, పైన రెండడుగుల సన్‌షేడ్ ఇవ్వండి, ఆ నీడే సగం అందం తెస్తుంది, ఖర్చూ తక్కువ. బావమరిదికి మీరే చెప్పుకోండి.

ప్రశ్న: భీమవరం అమ్మాయిని, బీఆర్క్ మూడో సంవత్సరం. డిజైన్ ప్రాజెక్టుకి కాకినాడ పక్కన సముద్రం ఒడ్డున టిబెటన్ మెడిటేషన్ సెంటర్, మోడర్న్ స్టైల్లో అని తీసుకున్నా. మా గైడ్ గారు మన ప్రాంతానికీ టిబెట్‌కీ సంబంధం లేదు మార్చెయ్ అన్నారు. నిజంగా లేదా సార్?

జవాబు: గైడ్ గారితో గొడవ పడకుండా చెప్పాలి తల్లీ, కానీ చాలా ఉంది. టిబెటన్ల నమ్మకం ప్రకారం బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొట్టమొదట చెప్పింది ధాన్యకటక స్థూపం దగ్గర. అంటే మన అమరావతి, పక్క డెల్టాయే. అందుకే 2006 జనవరిలో దలైలామా పనిగట్టుకుని అమరావతి వచ్చి 30వ కాలచక్ర దీక్షా ఉత్సవం జరిపించారు. ఇంకా తమాషా విను. లాసా దగ్గర 1416లో కట్టిన పెద్ద మఠం పేరు డ్రెపుంగ్, ఆ మాటకి అర్థం ధాన్యపు రాశి. ధాన్యకటకం పేరునే వాళ్ళ భాషలోకి మార్చి పెట్టుకున్నారు. అంత మంచు దేశంలో, వరి పండని చోట, మఠానికి వడ్ల కుప్ప పేరు! కళ్ళంలో పుట్టి పెరిగిన మనకి ఇంతకంటే సంబంధం ఏం కావాలి.

అమరావతి కృష్ణ ఒడ్డుది కదా అని గైడ్ గారు అంటే ఆదుర్రు చూపించు. కోనసీమలో వైనతేయ పాయ పక్కన, 1953లో తవ్వితే ఇటుక స్థూపం బయటపడింది, ఇప్పటికీ కొబ్బరి తోటల మధ్య ఉంది. తర్వాత ఒక రోజు మీ ఊర్నించి పొద్దున్నే బయల్దేరి కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండకి వెళ్ళు. గుండ్రటి చైత్యం లోపలికెళ్ళి తలెత్తి చూడు, రాతిలో వాసాలు చెక్కుంటాయి. గుడిసె కప్పుకి ఉండే వాసాలే, బరువు మొయ్యాల్సిన పనేం లేదు, కొండే మోస్తుంది కదా. అయినా చెక్కారు, ఎందుకంటే రెండు వేల ఏళ్ళ కిందటి ఆ పనివాడికి పవిత్రమైన చోటు అంటే గుండ్రటి పాకే. కర్రలోంచి రాతిలోకి వచ్చినప్పుడు వాడు ఏది వదిలేశాడు, ఏది ఉంచుకున్నాడు అన్నది నోట్‌బుక్కులో స్కెచ్ వేసుకో, నువ్వు రాతిలోంచి స్టీలులోకీ గాజులోకీ వెళ్ళేటప్పుడు చెయ్యాల్సిన పనీ అదే. కొలరాడో స్థూపం వాళ్ళు చేసింది కూడా.

సెంటర్ మధ్య హాల్లో ఇసక మండల వేసుకునే చోటు పెట్టు. 1988లో న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో నమ్‌గ్యాల్ మఠం సన్యాసులు జనం చూస్తుండగా వేశారు, రాకాసి బల్లుల ఎముకలుండే మ్యూజియంలో! రంగు ఇసకని గరుకు గరుకుగా ఉండే సన్నటి రేకు గొట్టంలో పోసి, ఇంకో కడ్డీతో దాని మీద గీరుతుంటే ఆ అదురుకి ఒక్కో రేణువు జారుతుంది. రోజుల తరబడి చేసి, అయ్యాక మధ్యలోకి ఊడ్చేసి, పారే నీళ్ళల్లో కలిపేస్తారు. కాబట్టి ఆ హాలుకి ఫ్యాను పనికిరాదు, ఏసీ గాలి పైనుంచి కొట్టకూడదు, సముద్రం వైపు కిటికీ తెరవకూడదు. కాకినాడ ఉక్కబోతలో ఫ్యాన్ లేకుండా పదిమంది రోజంతా వంగి పనిచెయ్యాలి, పై నుంచి జనం చూడాలి. ఇది సాల్వ్ చెయ్యి, నీ ప్రాజెక్ట్ అక్కడుంది, పగోడా కప్పులో లేదు.

ప్రశ్న: నరసాపురం నుంచి రాస్తున్నానండి. పదేళ్ళ కిందట కాశీ, నేపాల్ టూర్ వెళ్ళినప్పుడు ఖాట్మండులో థాంకా కొన్నాం, పట్టు అంచుతో సహా. ఈ వానాకాలం అంతా తెల్లటి బూజు. తడిగుడ్డతో తుడిస్తే నీలం రంగు గుడ్డకి వచ్చేసింది, బుద్ధుడి భుజం దగ్గర చారలు పడ్డాయి. పాడైన దేవుడి పటం ఇంట్లో ఉండకూడదంటున్నారు, గోదాట్లో కలిపేద్దామా? పైగా అందులో జంతువుల జిగురు ఉంటుందంట కదా, మేం శాకాహారులం.

జవాబు: అమ్మా, ముందు ఆ తడిగుడ్డ పక్కన పెట్టేయండి. రంగు వచ్చిందంటే ఒక విధంగా మంచి వార్త, అది ప్రింటు కాక చేత్తో వేసిందే అయ్యుండొచ్చు. జిగురులో కలిపిన రంగు నీళ్ళు తగిలితే ఊరుకోదు. జిగురు మాట మీరు విన్నది నిజమే, పశువుల తోలు ఉడకబెట్టి తీసేది, దాచి లాభం లేదు. పూజలో ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇంటి పద్ధతి, నేను తీర్పు చెప్పను, డోలు చర్మం గుళ్ళో మోగుతూనే ఉంది కదా అని మాత్రం అంటా.

బూజుకి కారణం ఆ జిగురు, మన గాలి, రెండూ. తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలబడిందంటే బూజుకి పండగ, నరసాపురంలో వానాకాలం అంతా అంతకంటే పైనే. మీరు వానకొట్టే బయటి గోడకి తగిలించుంటారు, నాకు తెలుసు, అందరూ అక్కడే తగిలిస్తారు. లోపలి గోడకి మార్చండి, వెనక అంగుళం చెక్క ముక్కలు పెట్టి గోడకి ఎడంగా ఉంచండి, గాలి ఆడాలి. గాజు ఫ్రేము వేయిస్తే గాజు బొమ్మకి తగలకూడదు. దీపం కింద వద్దు, మసి పడితే వదలదు. ఇప్పుడున్న బూజుకి ఎండలో పెట్టొద్దు, నీడలో గాలి తగిలే చోట నాలుగు రోజులు ఆరనిచ్చి, ముక్కుకి మాస్కు కట్టుకుని, మెత్తటి పొడి కుంచెతో పైపైన దులపండి, రుద్దకండి. చారలు మీరు సరిచెయ్యబోతే ఇంకా పోతుంది, అలాగే ఉంచండి.

గోదాట్లో మాత్రం వద్దే వద్దు. ఇసక మండల నీళ్ళలో కలుపుతారు సరే, థాంకా కలపరు. ఖనిజం రంగులైతే ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి, అవి వశిష్ట పాయలో ఎందుకు. అదే కారణంగా కాల్చొద్దు కూడా. పాతబడిన పటాల్నీ గ్రంథాల్నీ కొత్తగా కట్టే స్థూపాల కడుపులో పెట్టడం వాళ్ళలో ఉన్న ఆచారం, కాబట్టి నిజంగా వదిలించుకోవాలనిపిస్తే ఏదైనా టిబెటన్ మఠంలో అడగండి. బైలకుప్పె దాకా పోనక్కర్లేదు, ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి అని టిబెటన్ల కాలనీ ఉంది, అక్కడే జిరంగ్‌లో పెద్ద మఠం, 2010లో దలైలామా వచ్చి తెరిచింది. రైల్లో బరంపురం దిగి రోడ్డు మీద పోవాలి. తీసుకెళ్ళేటప్పుడు గట్టిగా చుట్టకండి, పాత థాంకా చుడితే రంగు పగిలి రాలిపోతుంది, రెండు అట్టల మధ్య పరిచి పాత నూలు చీర చుట్టండి. పట్టు అంచు ఊడిందనేమన్నా ఉంటే దానికంత దూరం వెళ్ళక్కర్లేదు, అంత సన్నటి లేసు అల్లే చేతులున్న మీ ఊళ్ళోనే కుట్టించుకోండి, సూది మాత్రం అంచు దాటి బొమ్మలోకి రాకుండా చూడమని చెప్పండి.